బొప్పాయి జామ్‌లో వేసే పెక్టిన్, గుళికల్లో అమ్మే పెక్టిన్ ఒకటేనా?

ప్రశ్న: నర్సంపేట_సంఘం

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గరి పల్లె. మా మహిళా సంఘంలో కొందరం కలిసి జామపండ్ల జెల్లీ, మామిడి జామ్, బొప్పాయి జామ్ తయారు చేసి హన్మకొండ, వరంగల్ దుకాణాలకు ఇస్తున్నాము. జామపండ్ల జెల్లీ ఏ ఇబ్బందీ లేకుండా గట్టిపడుతోంది. బొప్పాయి మాత్రం ఎంతసేపు ఉడికించినా పాకంలా జారుతూనే ఉంటుంది. ఇంకా ఉడికిస్తే రంగు నల్లబడి, పండు వాసన పోయి, మాడిన చక్కెర రుచి మిగులుతోంది. పెక్టిన్ పొడి కలపమని ఒకరు సలహా ఇచ్చారు. తెప్పించిన పొట్లం మీద "150 గ్రేడ్" అని తప్ప వేరే వివరం లేదు. దాన్ని ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి, అసలు బొప్పాయిలో లోపించినది పెక్టినేనా అన్నది తెలియడం లేదు.

మరో సంగతి కూడా ఇక్కడే అడుగుతున్నాను. మా అత్తమ్మకు షుగర్, కొలెస్ట్రాల్ రెండూ ఉన్నాయి. పెక్టిన్ గుళికలు వేసుకుంటే రెండూ తగ్గుతాయని బంధువులు చెప్పడంతో ఆమె వాటిని కొనమంటున్నారు. అదే మాట పట్టుకొని మా సంఘంలో కొందరు "పెక్టిన్ ఉన్నది, కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది" అని సీసా మీద అచ్చు వేయిద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అయితే కాదనడానికి నా దగ్గర సరైన ఆధారం కూడా లేదు. ఈ పదార్థం మందులలోనూ వాడతారని విన్నాను. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు: కాజీపేట_ఆహారశాస్త్రం

అక్కా, నమస్తే. నేను పండ్ల గుజ్జు పరిశ్రమలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. మీ ప్రశ్నలో జామ్‌కు సంబంధించిన భాగానికి జవాబు ఇస్తాను; ఆరోగ్యం సంగతి వైద్యులు, ఫార్మసీవారు చెప్పడం మేలు.

పెక్టిన్ అనేది మొక్కల కణాల గోడలలోనూ, ఒక కణాన్ని పక్క కణంతో అతికించే పొరలోనూ ఉండే పిండిపదార్థాల కుటుంబానికి చెందిన పదార్థం. గెలాక్టురోనిక్ ఆమ్లం అనే అణువులు వందల సంఖ్యలో గొలుసులా చేరి ఇది ఏర్పడుతుంది. 1825లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్రీ బ్రాకొనో దీన్ని వేరుచేసి, ఇప్పుడు మనం పిలిచే పేరు పెట్టాడు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఇది నీటిలో కరగని రూపంలో కణాలను బిగించి ఉంచుతుంది. పండేకొద్దీ కాయలోని ఎంజైములు దాన్ని కరిగే రూపంలోకి మార్చి, ఇంకా మగ్గితే ముక్కలు ముక్కలు చేస్తాయి. పండు మెత్తబడడానికి ముఖ్య కారణం అదే. బాగా మగ్గిన పండుతో చేసిన జామ్ గట్టిపడకపోవడానికి కారణం కూడా అదే, ఎందుకంటే గొలుసులు పొట్టివైపోయిన పెక్టిన్ వల అల్లలేదు.

మీరు తెప్పించిన రకం బహుశా ఎక్కువ మిథైల్ గుంపులు (కర్బనం, హైడ్రోజన్ కలిసిన చిన్న గుంపులు) ఉన్న పెక్టిన్. దీన్ని వాడుకలో హెచ్.ఎమ్. పెక్టిన్ అంటారు, గొలుసులోని ఆమ్ల గుంపులలో సగానికి పైగా మిథైల్‌తో కప్పబడి ఉంటాయి. ఇది గట్టిపడాలంటే రెండు షరతులు ఒకేసారి నెరవేరాలి. కరిగిన ఘనపదార్థం, అంటే ప్రధానంగా చక్కెర, 55 శాతానికి పైన ఉండాలి; పులుపును కొలిచే అంకె పి.హెచ్. (ఇది ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ) 2.8 నుంచి 3.5 మధ్య ఉండాలి. చక్కెర నీటిని తనవైపు లాక్కుంటుంది, ఆమ్లం గొలుసుల మీది విద్యుదావేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడే గొలుసులు ఒకదానికొకటి దగ్గరై వలగా ఏర్పడి మిగిలిన నీటిని బంధిస్తాయి. ఈ రెండింటిలో ఏది తక్కువైనా పొట్లం మొత్తం గుమ్మరించినా ప్రయోజనం ఉండదు.

ఇప్పుడు బొప్పాయి దగ్గరికి వద్దాం. బొప్పాయిలో పెక్టిన్ ఉన్నది, కానీ పులుపు దాదాపు లేదు, దాని పి.హెచ్. 5కు పైనే ఉంటుంది. కాబట్టి మీకు మొదట లోపించినది ఆమ్లం. మీరు ఎంతసేపు ఉడికించినా నీరు ఆవిరై చక్కెర శాతం పెరుగుతుందే తప్ప పులుపు కావలసినంతగా రాదు. పైగా ఎక్కువసేపు మరిగిస్తే ఉన్న పెక్టిన్ గొలుసులు కూడా తెగిపోతాయి. జామపండుకు స్వతహాగా పెక్టిన్ బాగా ఉంటుంది, కొంత పులుపూ ఉంటుంది. మీరు జెల్లీలో నిమ్మరసం కూడా పిండుతూ ఉంటారు కనుక అది సాఫీగా కుదురుతోంది.

పొడి వాడేముందు ఒక పని చేసి చూడండి. జెల్లీ చేసినప్పుడు మిగిలే జామపండ్ల తొక్కలు, గింజల గుజ్జు పారేయకుండా, మునిగేంత నీరు పోసి కొద్దిగా నిమ్మరసం వేసి అరగంట సన్నని సెగ మీద ఉడికించి, పిండకుండా గుడ్డలో వడకట్టండి. ఆ తేటను బొప్పాయి గుజ్జులో కలిపి, నిమ్మరసంతో గానీ నిమ్మ ఉప్పుతో (సిట్రిక్ ఆమ్లంతో) గానీ పులుపు సరిచేస్తే చాలావరకు పొడి అవసరం పడదు. పండ్లు కూడా అన్నీ మగ్గినవి కాకుండా మూడు వంతులు పండినవి, ఒక వంతు దోరవి తీసుకోవడం మంచిది. పులుపు చూడడానికి నాలుకను నమ్మకండి, పి.హెచ్. కాగితాలు చవకగా దొరుకుతాయి, 3.0 నుంచి 3.3 మధ్య ఉండేలా చూసుకోండి. అంతకంటే పులుపు ఎక్కువైతే సీసాలో కొన్నాళ్లకు జామ్ నుంచి నీరు ఊరుతుంది.

ఏ పండు రసంలో పెక్టిన్ ఎంత ఉన్నదో తెలుసుకునే పాత పరీక్ష ఒకటుంది. చల్లారిన రసం ఒక చెంచా గాజు గ్లాసులో తీసుకొని, అంతే స్పిరిట్ కలిపి కొద్ది నిమిషాలు కదపకుండా ఉంచాలి. రసమంతా ఒకే గడ్డగా కడితే పెక్టిన్ పుష్కలంగా ఉన్నట్టు. విడివిడి చిన్న గడ్డలైతే మధ్యస్థం. పలుచని తునకలు మాత్రమే కనిపిస్తే పెక్టిన్ కలపక తప్పదని అర్థం. దుకాణాలలో దొరికే స్పిరిట్ విషపూరితం, కనుక పరీక్షించిన రసాన్ని రుచి చూడకూడదు, వెంటనే పారబోయాలి, ఆ గ్లాసును వంటలో వాడకూడదు.

పొడి వాడవలసి వస్తే లెక్క ఇది. 150 గ్రేడ్ అంటే, సరైన పులుపు ఉండి ఘనపదార్థం 65 శాతం ఉన్నప్పుడు 1 గ్రాము పెక్టిన్ 150 గ్రాముల చక్కెరను గట్టిపరచగలదని అర్థం. కిలో జామ్‌లో సుమారు 650 గ్రాముల ఘనపదార్థం ఉంటుంది కనుక పండులో అసలు పెక్టిన్ లేదనుకున్నా 4 గ్రాముల పైచిలుకు చాలు. పండులో ఉన్నది కూడా కలుస్తుంది కనుక 2, 3 గ్రాములతో మొదలుపెట్టండి. పొడిని నేరుగా మరిగే గుజ్జులో వేస్తే ఉండలు కట్టి పైన తడి, లోపల పొడి మిగిలిపోతుంది. అందుకని దానికి అయిదు నుంచి పది రెట్ల చక్కెరతో పొడిగా కలిపి, అసలు చక్కెర వేయకముందే వేడి గుజ్జులో చల్లుతూ బాగా కలియబెట్టాలి. చక్కెర చిక్కగా ఉన్న పాకంలో పెక్టిన్ కరగదు. మిగిలిన చక్కెర వేసి, నీరు మరిగే వేడి కంటే 4, 5 డిగ్రీలు ఎక్కువయ్యే వరకు ఉంచి, ఆమ్లాన్ని చివర్లోనే కలిపి, వేడిగా ఉండగానే సీసాలలో నింపాలి. ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో ఘనపదార్థం 65 శాతానికి, బొప్పాయి వంటి పండ్ల విషయంలో పండు వాటా 45 శాతానికి తగ్గకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. కరిగిన ఘనపదార్థం శాతాన్ని చూపే, చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్ ఒకటి సంఘం తరఫున కొనుక్కుంటే ప్రతి వాయినీ కొలుచుకోవచ్చు.

చక్కెరకు బదులు బెల్లం వాడాలనుకుంటే ముందు కొద్దిగా చేసి చూడండి. బెల్లంలోని ఖనిజాలు పులుపును కొంత హరిస్తాయి కనుక నిమ్మ ఉప్పు లెక్క మారుతుంది.


జవాబు: ఓరుగల్లు_ఫార్మసీ_బోధన

నేను ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. మందులలో పెక్టిన్ అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అవుతుంటాయి: పెక్టినే మందుగా పనిచేయడం ఒకటి, వేరే మందును మోసే పదార్థంగా ఉపయోగపడడం మరొకటి. మొదటిదానికి ఉన్న ఆధారం పరిమితం. రెండోదాంట్లో దాని ఉపయోగం నిజంగా గొప్పది. దురదృష్టవశాత్తు ప్రచారం మాత్రం మొదటిదాని గురించే జరుగుతుంది.

విరేచనాల మందుగా కేయోలిన్ అనే తెల్లమట్టి, పెక్టిన్ కలిపిన చిక్కటి ద్రవం ఒకప్పుడు ఇంటింటా తెలిసినదే. అది మలాన్ని కొంత గట్టిపరుస్తుంది, అయితే శరీరం కోల్పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇవ్వదు. అమెరికాలో ఈ రకం మందుగా ప్రసిద్ధమైన కేయోపెక్టేట్‌లో ఇప్పుడు కేయోలిన్ లేదు, పెక్టిన్ లేదు. దాని స్థానంలో బిస్మత్ సబ్‌సాలిసిలేట్ అనే వేరే మందు ఉన్నది. పిల్లలకు విరేచనాలైతే చేయవలసినది ఓ.ఆర్.ఎస్. తాగించడం, జింకు ఇవ్వడం. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన సూచన ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10 మిల్లీగ్రాముల జింకు 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. దీనికి పెక్టిన్ ప్రత్యామ్నాయం కాదు.

అయినా ఆసక్తికరమైన పరిశోధన ఒకటి చెప్పాలి. రెండు వారాలు దాటినా తగ్గని విరేచనాలతో బాధపడుతున్న పసిపిల్లలకు బియ్యపు ఆహారంలో ఉడికించిన పచ్చి అరటికాయ గుజ్జునో, పెక్టిన్‌నో కలిపి ఇస్తే మామూలు బియ్యపు ఆహారం తీసుకున్నవారి కంటే త్వరగా కోలుకున్నారని ఢాకాలో జరిగిన అధ్యయనం 2001లో ప్రచురితమైంది. పేగులలోని బ్యాక్టీరియా వీటిని పులియబెట్టినప్పుడు తయారయ్యే చిన్న కొవ్వు ఆమ్లాలు పెద్దపేగు గోడ నీటినీ ఉప్పునూ పీల్చుకోవడానికి తోడ్పడతాయి. మన ఇళ్లలో కడుపు జారుతున్నప్పుడు అరటికాయ పెట్టే అలవాటు చాలా చోట్ల ఉన్నది కనుక ఈ ఫలితం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. కానీ ఆ పిల్లలకు వైద్యుల పర్యవేక్షణలో మిగతా చికిత్స కూడా అందిందని మరవకూడదు.

ఇక మోసే పదార్థం సంగతి. పెక్టిన్‌ను మన జీర్ణరసాలు విడగొట్టలేవు, పెద్దపేగులోని బ్యాక్టీరియా మాత్రమే విడగొట్టగలదు. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, పొట్టలోనూ చిన్నపేగులోనూ కరగకుండా పెద్దపేగుకు చేరాకే మందును విడుదల చేసే మాత్రల మీద ఎంతో పరిశోధన జరిగింది. పెక్టిన్ ఒక్కటే అయితే నీటిలో నాని ముందే కరిగిపోతుంది కనుక కాల్షియంతోనో, నీటిలో కరగని మరో పూతతోనో దాన్ని బిగించవలసి వస్తుంది. మరోవైపు, తక్కువ మిథైల్ ఉన్న పెక్టిన్ కాల్షియం తగిలితే గట్టిపడుతుంది. ముక్కు లోపలి తేమలో కాల్షియం ఉంటుంది. క్యాన్సర్ రోగులకు హఠాత్తుగా వచ్చే తీవ్రమైన నొప్పి కోసం ఫెంటానిల్ అనే బలమైన మందును పెక్టిన్‌తో కలిపి తయారుచేసిన ముక్కు స్ప్రేకు ఐరోపాలో 2010లో, అమెరికాలో 2011లో అనుమతి లభించింది. స్ప్రే ముక్కులో పడగానే పలుచని జెల్ అవుతుంది, గొంతులోకి జారిపోకుండా నిలిచి మందును అదుపుగా అందిస్తుంది. దేహంలో అప్పటికే ఉన్న కాల్షియాన్నే వాడుకొని జెల్ కట్టే ఈ పద్ధతిని చూసినప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది.

అందరికీ కనిపించకుండా ఎక్కువమందికి మేలు చేస్తున్నది ఇంకొకటి. పేగు శస్త్రచికిత్స తరువాత పొట్ట మీద రంధ్రం చేసి సంచి తగిలించవలసి వచ్చిన రోగులకు, ఆ సంచి చుట్టూ చర్మానికి అతికే పలక ఉంటుంది. పెక్టిన్, జెలటిన్, సోడియం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అనే మూడింటిని జిగురు పదార్థంలో కలిపి చేసే పలకలు చాలా కాలంగా వాడుకలో ఉన్నాయి. ఇవి తేమను పీల్చుకుంటూనే అతుక్కుని ఉంటాయి, కింద చర్మం పుండు పడకుండా కాపాడతాయి. ఇదే కలయికను నోటిపూతల మీద రాసే పేస్టులోనూ, కొన్ని రకాల గాయాల పట్టీలలోనూ వాడతారు. గొంతు గరగరకు చప్పరించే బిళ్లలు కొన్నింటిలో పెక్టిన్ ఉండేది కూడా గొంతుకు పలుచని పూతగా నిలవడానికే.

ఒక విషయంలో జాగ్రత్త అవసరం. నిమ్మజాతి పండ్ల పెక్టిన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి "మాడిఫైడ్ సిట్రస్ పెక్టిన్" పేరుతో ఖరీదైన పొడులు అమ్ముతున్నారు. గెలెక్టిన్-3 అనే ప్రొటీన్‌కు అది అతుక్కుంటుందని ప్రయోగశాలల్లో గమనించారు, చిన్న స్థాయిలో కొన్ని అధ్యయనాలు జరిగాయి. క్యాన్సర్‌ను నయం చేస్తుందని చెప్పగలిగే ఆధారం లేదు. ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్న కుటుంబాలు అప్పు చేసి మరీ ఇలాంటివి కొంటున్నాయి. దయచేసి ఆ డబ్బును చికిత్సకూ మంచి ఆహారానికీ పెట్టండి.


జవాబు: కరీంనగర్_జనరల్_ఫిజీషియన్

అమ్మా, మీ అత్తగారి గురించి. పెక్టిన్‌కు కొలెస్ట్రాల్‌ను తగ్గించే గుణం ఉన్నమాట నిజమే. 1961లోనే ఏన్సెల్ కీస్ బృందం రోజుకు 15 గ్రాముల పెక్టిన్ ఇచ్చి చూసి, రక్తంలో కొలెస్ట్రాల్ సుమారు 5 శాతం తగ్గిందని ప్రకటించింది. పేగులో చిక్కటి జెల్‌గా మారి పైత్యరస ఆమ్లాలను తనతో తీసుకుపోవడం వల్ల, కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడి మళ్లీ కొత్త పైత్యరసం తయారు చేసుకోవలసి వస్తుంది. అన్నంతో పాటు తీసుకుంటే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అందుచేత భోజనం తరువాత రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

కానీ మోతాదు చూడండి. 2010లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఈ ఆధారాలన్నీ పరిశీలించి, కొలెస్ట్రాల్ విషయంలో రోజుకు కనీసం 6 గ్రాములు, భోజనానంతర చక్కెర విషయంలో ఒక్కో భోజనంతో 10 గ్రాములు తీసుకుంటేనే ఆ మాట చెప్పవచ్చని నిర్ణయించింది. గుళికలో 500 మిల్లీగ్రాములు ఉంటే 6 గ్రాములకు రోజుకు 12 గుళికలు కావాలి. పూటకు ఒకటో రెండో మింగితే మలబద్ధకానికి కొద్దిగా పనికిరావచ్చునేమో గానీ, ఆమె రిపోర్టులో తేడా కనిపించదు. ఇంత చేసినా వచ్చే తగ్గుదల కొద్దిశాతమే. కొలెస్ట్రాల్‌కు డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్రతో వచ్చే తగ్గుదలకు అది దరిదాపుల్లో ఉండదు. కాబట్టి గుళికలు మొదలుపెట్టామని షుగర్ మాత్రలు గానీ కొలెస్ట్రాల్ మాత్రలు గానీ ఆపడం ఎంతమాత్రం తగదు.

మందులతో కలిపి మింగడం వల్ల ఇంకో ఇబ్బంది ఉన్నది. పెక్టిన్ జెల్‌లో చిక్కుకుంటే కొన్ని మందులు సరిగా ఒంటపట్టవు. లోవాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర వాడుతూ పెక్టిన్ తీసుకున్న రోగులలో ఆ మాత్ర పని తగ్గినట్టు 1991లోనే వైద్య పత్రికలలో వచ్చింది. థైరాయిడ్ మాత్ర వాడేవారు కూడా పీచు పొడులను దానికి దూరంగా ఉంచాలి. పెద్దవయసువారు, మింగడంలో తడబాటు ఉన్నవారు పొడిని చాలినంత నీరు లేకుండా తీసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉన్నది. ఇంత మాట చెప్పడం భయపెట్టడానికి కాదు. డాక్టరుకు చెప్పి, వేళలు మార్చి వాడదలిస్తే వాడవచ్చు.

నా మటుకు నేను గుళికలకు బదులు ఆహారం వైపే మొగ్గుతాను. దోరగా ఉన్న జామకాయ తొక్కతో సహా, బత్తాయి రసం తీయకుండా తొనల మీది తెల్లటి పొరతో సహా, బెండకాయ, చిక్కుడు, క్యారట్, పప్పులు. వీటిలో పెక్టిన్‌తో పాటు మిగతా పీచు కూడా ఉంటుంది, చక్కెర నెమ్మదిగా చేరుతుంది. బత్తాయిని రసం పిండి గ్లాసులో పోసి ఇస్తే పెక్టిన్ చాలావరకు పిప్పిలోనే ఉండిపోయి, చక్కెర మాత్రం ఆమెకు చేరుతుంది. పండు ఎంత తినవచ్చో ఆమె చక్కెర స్థాయిని బట్టి వైద్యులతో మాట్లాడి నిర్ణయించుకోండి.

సీసా మీది మాటకు వస్తే, మీ మనసు చెప్పినదే సరైనది. జామ్‌లో పెక్టిన్ సుమారు అర శాతం నుంచి ఒక శాతం ఉంటుందనుకుందాం. 6 గ్రాములు కావాలంటే ఒకరు రోజుకు 600 గ్రాముల నుంచి 1,200 గ్రాముల జామ్ తినాలి. దానితో పాటు ఒంట్లోకి 400 నుంచి 800 గ్రాముల వరకు చక్కెర చేరుతుంది. ఆ లేబుల్‌ను నమ్మి కొనేది మీ అత్తగారి వంటి రోగులే. పైగా 2018 నాటి ఆహార భద్రతా ప్రకటనల నిబంధనల ప్రకారం ఆహార పదార్థం జబ్బును నివారిస్తుందని, నయం చేస్తుందని అనుమతి లేకుండా చెప్పుకోవడం నిషిద్ధం. సంఘంలో ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి.


జవాబు: జనగామ_రసాయన_మాస్టారు

విశ్రాంత రసాయన ఉపాధ్యాయుడిని. పై ముగ్గురూ చెప్పినదానికి మన వంటింట్లో రోజూ జరిగే రెండు సంగతులు చేరుస్తాను, ఎందుకంటే పెక్టిన్ అంటే పొట్లంలో వచ్చే పొడి మాత్రమే అన్న భావన పోవాలి.

మన వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లతో కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. పప్పు గింజలోని కణాలను పట్టి ఉంచేది పెక్టినే. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే అవి పెక్టిన్ గొలుసుల మధ్య చేరి వాటిని మరింత బిగిస్తాయి. గొలుసులు కరిగితేనే కణాలు విడివడి పప్పు గుజ్జవుతుంది. చింతపండు పులుసు ముందే పోస్తే పప్పు ఉడకదని మన అమ్మలు చెప్పేదానికీ కారణం ఇక్కడే ఉన్నది: పులుపులో పెక్టిన్ కరగడం బాగా నెమ్మదిస్తుంది. అందుకే పప్పు మెత్తబడ్డాకే పులుసు పోయాలి. వంట సోడా వేస్తే దీనికి విరుద్ధంగా పెక్టిన్ త్వరగా కరుగుతుంది, పప్పు త్వరగా ఉడుకుతుంది, కానీ బి1 విటమిన్ నశిస్తుంది. నానబెట్టి, వీలైతే వాన నీటితోనో శుద్ధిచేసిన నీటితోనో వండడం నయం.

రెండోది సున్నపు తేట. బూడిద గుమ్మడికాయతో పేఠా మిఠాయి చేసేవారు ముక్కలను పాకంలో వేయడానికి ముందు సున్నపు తేటలో నానబెడతారు. సున్నంలోని కాల్షియం ముక్కలోని పెక్టిన్‌ను పట్టుకోవడం వల్ల పాకంలో ఎంతసేపు మరిగినా ముక్క చితకదు. గొలుసులు ఎదురెదురుగా వంగి నిలబడి మధ్య గుంటలలో కాల్షియం అయాన్లను పట్టుకుంటాయని శాస్త్రజ్ఞులు 1973లో ప్రతిపాదించిన నమూనాకు "గుడ్ల అట్టపెట్టె" పేరు స్థిరపడింది. ముక్కలను ఆ తరువాత చాలాసార్లు మంచి నీటితో కడగాలి, అలాగే వాడే సున్నం తినడానికి తగినదై ఉండాలి, గోడలకు వేసేది కాకూడదు.

చింతగింజల పొడి కూడా పెక్టినేనని కొందరు అనుకుంటారు. అది జెల్లీ కట్టగలదు, కానీ వేరే పదార్థం; దానిలో గెలాక్టురోనిక్ ఆమ్లం గొలుసు ఉండదు. వెలగపండు మాత్రం పెక్టిన్‌కు మంచి ఆధారం. మీ పల్లెల చుట్టుపక్కల వెలగచెట్లు ఉంటే, అమ్మా, దాని జెల్లీ తప్పక ప్రయత్నించండి. పులుపు, పెక్టిన్ రెండూ అందులోనే ఉన్నాయి.


ప్రశ్నకర్త: నర్సంపేట_సంఘం

అందరికీ కృతజ్ఞతలు. కరీంనగర్ డాక్టరు గారి లెక్కను సంఘం సమావేశంలో చదివి వినిపించాను. లేబుల్ ఆలోచన విరమించుకున్నాము. అత్తమ్మ కూడా గుళికల సంగతి తన డాక్టరును అడిగాకే చూద్దామన్నారు.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. వరంగల్‌లో పండ్ల రసాల దుకాణాల దగ్గర బత్తాయి తొక్కలు కుప్పలుగా పోస్తారు. వాటి నుంచి మేమే పెక్టిన్ పొడి తీసి అమ్ముకోవచ్చునా? రెండోది, షుగర్ ఉన్నవారి కోసం చక్కెర తక్కువ వేసిన జామ్ చేయమని దుకాణదారులు అడుగుతున్నారు. చక్కెర లేకుండా అది గట్టిపడడం ఎలాగో చెప్పండి.


జవాబు: కాజీపేట_ఆహారశాస్త్రం

అక్కా, ప్రపంచంలో అమ్ముడయ్యే పెక్టిన్‌లో అత్యధిక భాగం నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి, ఆపిల్ రసం తీసిన పిప్పి నుంచి వస్తుంది. ఎండిన నిమ్మజాతి తొక్కలో 20 నుంచి 30 శాతం, ఆపిల్ పిప్పిలో 10 నుంచి 15 శాతం పెక్టిన్ ఉంటుంది. మామిడి తొక్కలోనూ మంచి మోతాదులో ఉన్నదని మన దేశంలోని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. జగిత్యాల వంటి మామిడి మార్కెట్లు ఉన్న మన ప్రాంతంలో గుజ్జు పరిశ్రమలు పారేసే తొక్కలతో ఈ పని జరగాలన్నది నా బలమైన కోరిక. అయినా సంఘం స్థాయిలో పొడి తీయమని మాత్రం నేను చెప్పను. తొక్కలను పి.హెచ్. 2 దగ్గర ఆమ్లపు నీటిలో గంటల తరబడి వేడిచేసి, వడకట్టి, పెద్ద మొత్తంలో ఆల్కహాల్ పోసి పెక్టిన్‌ను విడదీసి, దాన్ని కడిగి ఎండబెట్టి పొడి చేయాలి. వాడిన ఆల్కహాల్‌ను తిరిగి రాబట్టకపోతే గిట్టుబాటు కాదు. నిల్వకు అనుమతులు కావాలి, అగ్నిప్రమాదం ఉన్నది, ఆమ్లపు మురుగునీటిని శుద్ధి చేయాలి. రోడ్డు పక్కన కుప్ప పోసిన తొక్క కొద్ది గంటల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది, దానిలోని ఎంజైములు పెక్టిన్‌ను పాడుచేస్తాయి.

మీరు చేయగలిగినది వేరే ఉన్నది. మీ చేతితో కడిగి ఒలిచిన తాజా బత్తాయి తొక్కల పైపొరను సన్నగా చెక్కేసి, లోపలి తెల్లభాగాన్ని మాత్రమే తీసుకోండి. వేడినీటిలో ఒకటి రెండుసార్లు మరిగించి ఆ నీటిని పారబోస్తే చేదు చాలావరకు పోతుంది. ఆ తరువాత నిమ్మ ఉప్పు వేసిన నీటిలో ముప్పావుగంట సన్నని సెగ మీద ఉంచి వడకట్టిన తేటను అదే రోజు జామ్‌లో కలుపుకోండి. దాన్ని నిల్వ ఉంచవద్దు, విడిగా అమ్మవద్దు.

చక్కెర తక్కువ జామ్‌కు మీ దగ్గరున్న 150 గ్రేడ్ పొడి బహుశా పనికిరాదు. తక్కువ మిథైల్ ఉన్న ఎల్.ఎమ్. పెక్టిన్ కావాలి. మాస్టారు గారు చెప్పిన కాల్షియం బంధమే అక్కడ వల అల్లుతుంది కనుక చక్కెర 55 శాతం ఉండనవసరం లేదు, పులుపు హద్దులు కూడా అంత ఇరుకు కావు. కాల్షియం కొంత పండు నుంచి, కొంత నీటి నుంచి వస్తుంది. మిగిలినది ఆహారానికి తగిన కాల్షియం లవణంగా కొలిచి కలపాలి. ఎక్కువైతే జామ్ గరుకుగా గింజలు కట్టి నీరు వదులుతుంది. బోరు నీటితో ఒక ఫలితం, శుద్ధిచేసిన నీటితో మరొక ఫలితం వస్తుంది కనుక ఎప్పుడూ ఒకే నీటిని వాడండి. పొడి కొనేటప్పుడు ఎల్.ఎమ్. అని, ఎస్టరు శాతం (మిథైల్‌తో కప్పబడిన గుంపుల శాతం) ఎంతో, కాల్షియం ఎంత కావాలో రాసి ఉన్న వివరపత్రం అడిగి తీసుకోండి. అది ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

గట్టిపడడం కంటే పెద్ద సమస్య నిల్వ. మామూలు జామ్ బూజు పట్టకుండా ఉండేది దానిలోని చక్కెర నీటిని పట్టి ఉంచడం వల్ల. చక్కెర తగ్గిస్తే ఆ రక్షణ పోతుంది. చిన్న సీసాలలో వేడిగా నింపి, మూత బిగించి మరిగే నీటిలో ఉంచి, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి కొద్దిరోజుల్లో వాడాలని స్పష్టంగా రాయవలసి ఉంటుంది. 65 శాతం ఘనపదార్థం లేనిదాన్ని "జామ్" అన్న పేరుతో అమ్మకూడదు కనుక పేరు, లేబుల్ విషయంలో ముందుగా జిల్లా ఆహార భద్రతా అధికారిని కలవండి. పండులో సహజంగా ఉన్న చక్కెర అందులో ఎలాగూ ఉంటుంది. "షుగర్ ఉన్నవారు ఎంతైనా తినవచ్చు" అనే అర్థం వచ్చే మాట ఏదీ సీసా మీద ఉండకూడదు.

మొదట కిలో గుజ్జుతో, ఎల్.ఎమ్. పెక్టిన్ 8 గ్రాములతో మొదలుపెట్టి, కాల్షియాన్ని వివరపత్రంలో చెప్పిన కనిష్ఠ మోతాదు నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ చూడండి. ప్రతి వాయికీ పి.హెచ్., రిఫ్రాక్టోమీటర్ అంకె, వాడిన నీరు రాసి పెట్టి ఇక్కడ పెడితే, ఎక్కడ సరిచేయాలో నేను చూసి చెబుతాను.